దసరాకి గోడెక్కే కంపునల్లి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాల్లో మనవాళ్లు బతుకమ్మకు పూలు సమకూర్చుకునే రోజులవి. సెప్టెంబరు చివరి వారం. పొద్దు త్వరగా గుంకుతుంటుంది, రాత్రిళ్లు చలి మొదలవుతుంది, పగలు మాత్రం ఎండ హాయిగా ఉంటుంది. ఆ ఎండ పడే గోడ మీద ఓ మధ్యాహ్నం ఒక పురుగు వచ్చి వాలుతుంది. మట్టి రంగు, డాలు ఆకారం, తాపీ నడక. సాయంత్రానికి పది కనిపిస్తాయి. మర్నాడు కిటికీ మెష్ మీద, తలుపు సందులో, పరదా మడతల్లో. వారం తిరిగేసరికి బొమ్మల కొలువు మెట్ల మీద కూడా ఒకటి నడుస్తుంటుంది. ఎవరో చెప్పు తీసి ఒక్కటేస్తారు. ఇక ఇల్లంతా కంపు.

అమెరికాలో దీన్ని బ్రౌన్ మార్మొరేటెడ్ స్టింక్ బగ్ అంటారు. శాస్త్రీయ నామం హాలియోమార్ఫా హాలిస్. మన వరి రైతులు కంకుల మీద చూసే కంపునల్లికి ఇది దూరపు బంధువు కాబట్టి దీన్నీ ఆ పేరుతోనే పిలుద్దాం. నల్లి అన్నామని మంచాల్లో నల్లిలా రక్తం తాగుతుందేమోనని బెంగ వద్దు. ఇది మనిషిని కుట్టదు, కలప కొరకదు, బియ్యం డబ్బాలో చేరదు, ఇంట్లో గుడ్లు పెట్టదు, రోగాలు మోసుకురాదు. పిల్లలున్న ఇంట్లో ముందుగా తెలియాల్సింది ఇదే. ఆ తర్వాత తెలియాల్సింది, దీన్ని ఆపగలిగే కాలం ఏడాదిలో కొన్ని వారాలేనని. వినాయక చవితికి మొదలుపెట్టి దసరాలోపు ఇల్లు బిగించుకున్నవాళ్లకు చలికాలం ప్రశాంతంగా గడుస్తుంది. జనవరిలో స్ప్రే డబ్బా అందుకునేవాళ్లకు మందు వాసన మిగులుతుంది, పురుగూ మిగులుతుంది.

గుర్తుపట్టేలోపే ఊళ్లు దాటింది

ఈ పురుగు సొంత నేల చైనా, జపాన్, కొరియా, తైవాన్. అమెరికాలో తొలుత కనిపించింది పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో, 1990ల రెండో సగంలో. సరుకు రవాణాలో దాగి వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. జన్యు పరీక్షలు చేస్తే మూలం బీజింగ్ పరిసరాల్లో తేలింది. కొన్నేళ్లపాటు అలెన్‌టౌన్ జనం దీన్ని తమ పొలాల్లో ఎప్పుడూ ఉండే గోధుమరంగు నల్లే అనుకుని వదిలేశారు. 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయ కీటక శాస్త్రవేత్త నమూనాలు చూసి, ఇది ఆసియా పురుగని తేల్చారు. ఎవరూ పట్టించుకోని ఆ కొన్నేళ్లే దానికి కలిసొచ్చాయి. నేడు నలభైకి పైగా అమెరికా రాష్ట్రాల్లో ఉంది.

2010లో దాని సత్తా అందరికీ తెలిసింది. మధ్య అట్లాంటిక్ రాష్ట్రాల ఆపిల్ రైతులు ఆ ఒక్క సీజన్లో సుమారు 3.7 కోట్ల డాలర్లు నష్టపోయారు. పండు మీద ఇది సూది లాంటి ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది. పైకి చిన్న నొక్కు తప్ప ఏమీ కనిపించదు. కోసి చూస్తే లోపలి కండ బెండుబారి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. మరుసటి ఏడాది మేరీల్యాండ్‌లో ఒక వన్యప్రాణి శాస్త్రవేత్త తన ఇంట్లో పట్టిన ప్రతి కంపునల్లినీ లెక్క రాశారు. జనవరి నుంచి జూన్ దాకా తేలిన లెక్క 26,205. ఒక్క ఇల్లు, ఆరు నెలలు. ఆ అంకె చదివాక, ఇంట్లో పది పురుగులు కనిపించాయని బెదిరిపోయే వాళ్లకు కాస్త ధైర్యం చెప్పాలనిపిస్తుంది.

తోటలు, ఇళ్లతో ఆగలేదు. 2018 మొదట్లో జపాన్ నుంచి కార్లతో వచ్చిన ఓడల్లో ఇవి బయటపడితే న్యూజిలాండ్ ఆ ఓడలను రేవు నుంచి వెనక్కి పంపేసింది. ఆస్ట్రేలియా ఏటా సెప్టెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, ఈ పురుగున్న దేశాల్లో ఓడకెక్కే పలు రకాల సరుకులను శుద్ధి చేశాకే రానిస్తుంది. ఎవరి సామానులోనో నక్కి కదలకుండా కూర్చోగలగడమే దీని అసలు బలం.

సీసాలో పెట్టి రెండు నిమిషాలు

చంపకముందు ఒకదాన్ని గాజు సీసాలోకి దింపి వెలుతురులో చూడండి. పొడవు 12 నుంచి 17 మిల్లీమీటర్లు. వీపంతా గోధుమ, బూడిద, నలుపు చుక్కలు కలిసిన పాలరాతి మచ్చ. ముందు చూడాల్సింది మీసాలు. నల్లటి మీసాల చివరి కణుపుల మీద తెల్లటి పట్టీలు స్పష్టంగా ఉంటాయి. తర్వాత పొట్ట అంచు. రెక్కల కింద నుంచి బయటికి కనిపించే ఆ అంచు చుట్టూ నలుపూ తెలుపూ గళ్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టుంటాయి. ఆఖరున భుజాలు. మెడ కింద ఇరువైపులా గుండ్రంగా, నునుపుగా ఉంటాయి, ముళ్లు ఉండవు. సీసా తిరగేస్తే లేతరంగు పొట్టా, కాళ్ల మధ్యకు మడిచి పెట్టుకున్న సన్నటి ముక్కూ కనిపిస్తాయి.

మీసాల మీద తెల్ల పట్టీలు లేకపోతే అది అక్కడి దేశవాళీ గోధుమరంగు నల్లి అయ్యుండొచ్చు. అది పొలం వదిలి ఇంట్లో తిష్ఠ వేసేది అరుదు. భుజాలు ముళ్లలా మొనదేలి ఉంటే ఆగండి. అది స్పైన్డ్ సోల్జర్ బగ్. గొంగళిపురుగుల రసం పీల్చే మిత్ర పురుగు, దాన్ని తోటలోకి వదిలేయాలి. మన దగ్గర కూడా ఇలాంటి మిత్రుడున్నాడు. ఎయోకాంథెకోనా అనే నల్లి పొగాకు లద్దెపురుగు లాంటి వాటిని పొడిచి తింటుంది. ఒళ్లు పొడుగ్గా ఉండి, వెనక కాళ్ల మీద ఆకు ఆకారంలో రేకులుంటే అది పైన్ చెట్ల విత్తనాలు తినే నల్లి. చలికి అదీ ఇళ్లలో చేరుతుంది, హాని లేదు. నలుపు మీద ఎర్ర గీతలుంటే బాక్సెల్డర్ నల్లి.

టెక్సాస్ మనవాళ్లకు ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తల సన్నగా ముందుకు సాగి, పొట్ట అంచున నారింజ లేదా ఎర్ర పట్టీలున్న పెద్ద పురుగు ఇంట్లో కనిపిస్తే అది కిస్సింగ్ బగ్ కావచ్చు. ఇది నిజంగానే రాత్రిపూట రక్తం తాగుతుంది, చాగస్ వ్యాధి క్రిమిని మోయగలదు. చేత్తో ముట్టుకోవద్దు. సీసాలో మూసిపెట్టి కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకో ఆరోగ్య శాఖకో చూపించాలి. ఏ పురుగో చూసుకోకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇదే. భయపడనక్కర్లేని దానికి భయపడతాం, పడాల్సిన దాన్ని వదిలేస్తాం.

కొత్తిమీర వాసన

కంపునల్లి వాసన కొత్తిమీర నలిపినట్టుంటుందని చాలామంది అంటారు. అందులో నిజముంది. ఈ పురుగు విడిచే ద్రవంలోని ట్రాన్స్-2-డెసెనాల్ అనే ఆల్డిహైడ్ కొత్తిమీర ఆకులోనూ ఉంటుంది. పప్పుచారులో కమ్మగా అనిపించేది, గాఢత పెరిగి పరదాకు అంటుకుంటే భరించలేం. పెద్ద పురుగుకు ఈ ద్రవం వచ్చే రంధ్రాలు రొమ్ము కింద, కాళ్ల మొదళ్ల దగ్గర ఉంటాయి. రెక్కలు రాని పిల్ల పురుగులకు వీపు మీద ఉంటాయి. పక్షి నోట పడ్డప్పుడు తప్పించుకోవడానికి పెట్టుకున్న ఆయుధం ఇది. ద్రవం కంట్లో పడితే మండుతుంది, బట్టల మీద పడితే మరక మిగులుతుంది. కుక్కో పిల్లో నోట కరుచుకుంటే కాసేపు చొంగ కారుస్తుంది, ఒక్కోసారి వాంతి చేసుకుంటుంది.

మన ఊళ్ల నుంచి వెళ్లిన పెద్దవాళ్లకు పురుగు కనిపించగానే చీపురు అందుకోవడం అలవాటు. "అత్తయ్యగారూ, కొట్టకండి, డబ్బా తెస్తానుండండి" అని కోడలు వంటింట్లోంచి పరుగెత్తే ఇళ్లు అక్కడ చాలానే ఉంటాయి. ఆ కోడలు చేసేదే సరైన పని. ఓ ప్లాస్టిక్ డబ్బాలో సగం నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు కలపాలి. డబ్బా పురుగు కిందుగా పట్టుకుని అట్టముక్కతో పైనుంచి తాకితే చాలు. బెదిరితే కాళ్లు వదిలేసి కిందికి రాలిపోవడం దాని అలవాటు కాబట్టి తనంత తనే నీళ్లలో పడుతుంది. సబ్బు లేకపోతే నీటి మీద తేలి గట్టెక్కేస్తుంది. సబ్బు ఉంటే మునిగిపోతుంది.

ఇంట్లోకి ఎందుకొస్తుంది?

పగలు కురచనయ్యే కొద్దీ ఈ పురుగు ఒంట్లో మార్పు వస్తుంది. తిండి మానేస్తుంది, గుడ్లు పెట్టడం ఆపేస్తుంది, శీతకాలమంతా కదలకుండా గడపడానికి పొడిగా, ఇరుగ్గా ఉండే చోటు వెతుక్కుంటుంది. అడవిలో అయితే నిలబడి ఎండిన చెట్టు బెరడు కింద దూరుతుంది. ఊళ్లో దాని కంటికి మన ఇల్లే పెద్ద ఎండు చెట్టు. సైడింగ్ పలకల వెనక, కిటికీ చట్రం పక్కన, అటిక్‌లో పాత పెట్టెల మధ్య ఒళ్లు నాలుగువైపులా తగిలేలా ఒదిగి పడుకుంటుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వే దాని ఆహారం.

మరి జనవరిలో హాల్లో ఎందుకు తిరుగుతుంది? హీటర్ వేడి గోడ లోపలికి పాకినప్పుడో, నడి శీతకాలంలో ఓ రోజు ఎండ కాసినప్పుడో దానికి వసంతం వచ్చిందనిపిస్తుంది. లేచి వెలుతురు వైపు నడుస్తుంది. దారి తప్పి బయటికి బదులు లోపలికి వస్తుంది. అంటే మీకు జనవరిలో కనిపించే ప్రతి పురుగూ చలి ముదరకముందే గోడ లోపలికి చేరినది. స్ప్రే కొడితే కనిపించినవి చస్తాయి. గోడలో ఉన్నవాటికి ఆ మందు అందదు. అందేలా గోడ సందుల్లోకి మందు కొట్టించేవాళ్లూ ఉన్నారు. ఆ పని చేయించొద్దనే నా సలహా. గోడల్లో గుట్టలుగా చచ్చిన పురుగుల మీదకు కార్పెట్ బీటిల్స్ చేరతాయి. వాటి లార్వాలు ఆ శవాలను తిన్నాక ఉన్నినీ, పట్టునూ వెతుక్కుంటాయి. క్లోజెట్‌లో పెళ్లినాటి కంచి పట్టుచీర దాచుకున్నవాళ్లు కంపునల్లిని వదిలించుకోబోయి ఆ ముప్పు కొనితెచ్చుకోవడం ఎందుకు?

చవితి నుంచి దసరా దాకా

ఇల్లు బిగించే పని అటిక్‌తో మొదలుపెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎక్కి, లైటు ఆర్పి, కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా నిలబడండి. పగటి వెలుతురు గీతలా, చుక్కలా ఎక్కడెక్కడ లోపలికి పడుతోందో అవన్నీ పురుగుకు దారులే. ఒక్కోదాని దగ్గర టేపుముక్క అంటించుకుంటూ రావాలి. తర్వాత బయటికొచ్చి ఇంటి చుట్టూ తిరగాలి, ఎండ ఎక్కువ పడే వైపు నుంచి. కిటికీ చట్రం సైడింగ్‌ను కలిసే అంచు, ఏసీ గొట్టం, కేబుల్ తీగ, గ్యాస్ పైపు గోడలోకి దూరే చోట్లు, చిమ్నీ మొదలు, చూరు కింద చెక్క పలకలు. చదునైన ఒళ్లు కాబట్టి సన్నటి చీలిక చాలు దానికి. ఈ చీలికలను సిలికాన్ కానీ, సిలికాన్-లేటెక్స్ కానీ కాక్ గన్‌తో పూడ్చాలి. సందు వెడల్పుగా ఉంటే ముందు ఫోమ్ కడ్డీ కూరి పైన కాక్ వేయాలి. చిరిగిన కిటికీ మెష్ మార్చాలి. తలుపు కింద వెలుతురు కనిపిస్తే డోర్ స్వీప్ బిగించాలి. కిటికీకి పెట్టిన ఏసీని వేసవి దాటగానే తీసి లోపల పెట్టేయాలి, దాని చుట్టూ ఉండే ఖాళీ అంతా ఇంతా కాదు. గ్యారేజీ తలుపు అడుగున ఉండే రబ్బరు పట్టీని చాలామంది మరిచిపోతారు.

ఉత్సాహం కొద్దీ మూయకూడనివి కూడా మూసేస్తుంటారు. ఈ విషయంలో జాగ్రత్త. అటిక్ వెంట్లకు లోపలివైపు సన్నటి మెష్ బిగించాలే తప్ప మూసేయకూడదు, గాలి ఆడకపోతే పైకప్పు చెమ్మెక్కి కుళ్లుతుంది. కిటికీ చట్రం కింద నీరు పోయే చిన్న రంధ్రాలను కాక్‌తో నింపకూడదు. బట్టలు ఆరబెట్టే డ్రయర్ వెంట్‌కు మెష్ పెడితే నూలు పీచు పేరుకుని నిప్పంటుకోవచ్చు. గ్యాస్ ఫర్నేస్ పొగగొట్టం జోలికి అసలు వెళ్లొద్దు.

అద్దె ఇళ్లలో బయటి గోడ మన చేతిలో ఉండదు. అయినా గోడ లోపలి పురుగు గదిలోకి రాకుండా ఆపొచ్చు. బేస్‌బోర్డ్ అంచులు, స్విచ్ పలకల చుట్టూ, సీలింగ్ లైట్ల చుట్టూ, బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ అంచులు పూడిస్తే సగం బాధ తగ్గుతుంది. బయటి పనిని ఇంటి యజమానికి సెప్టెంబరు మొదట్లోనే రాతపూర్వకంగా అడగాలి. ఆ నెలంతా పొద్దుగూకాక వరండా లైటు ఆర్పేయడం మంచిది.

బయటి గోడల మీద పైరెథ్రాయిడ్ మందు కొట్టించే పద్ధతి ఒకటుంది. లైసెన్సు ఉన్నవాళ్లు సరిగ్గా పురుగులు గుమిగూడే వారంలో కొడితే కొంత పనిచేస్తుంది. ఎండకు ఆ మందు కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది. గొడవ తీవ్రంగా ఉన్న ఇళ్లకు తప్ప నేను సిఫారసు చేయను.

ఇంత చేసినా కొన్ని లోపలికి వస్తాయి. వాటికోసం వర్జీనియా టెక్ పరిశోధకులు ఇళ్లలోనే పరీక్షించిన ఉపాయం ఉంది. వెడల్పాటి అల్యూమినియం ఫాయిల్ పళ్లెంలో సబ్బు నీళ్లు పోసి, చీకటి గదిలో దాని మీదకు ఓ టేబుల్ లైటు వంచి పెట్టడం, అంతే. 2014లో వాళ్లు ప్రకటించిన ఫలితాల్లో ఈ పళ్లెం, అంగట్లో కొన్న ఖరీదైన ఉచ్చుల కంటే 14 రెట్లు ఎక్కువ పురుగుల్ని పట్టింది. లైటు, తీగ నీళ్లకు తగలకుండా చూసుకోవాలి, పిల్లలున్న గదిలో పెట్టకూడదు. వ్యాక్యూమ్ వాడేవాళ్లు గొట్టం మూతిలోకి పాత స్టాకింగ్ ఒకటి జొనిపి రబ్బరు బ్యాండ్ వేస్తే పురుగులు అందులోనే ఆగిపోతాయి, మిషను కంపు కొట్టదు.

పెరట్లో, పొలంలో

వసంతంలో బయటికి వెళ్లినవి పెరట్లో తేలతాయి. మనవాళ్లు అక్కడ ఇష్టంగా పెంచుకునే టమాటా, మిరప, వంగ, బెండ, చిక్కుడు అన్నీ దానికీ ఇష్టమే. టమాటా తొక్క కింద తెల్లటి మబ్బు మచ్చలు కనిపిస్తే ఇది ముక్కు పెట్టిందన్నమాట. ఆకు అడుగున లేత ఆకుపచ్చ గుడ్లు 28 దాకా ఒకే గుత్తిగా, పీపాలు నిలబెట్టినట్టు ఉంటాయి. పొదిగాక నారింజ-నలుపు పిల్లలు ఆ పెంకుల చుట్టూనే గుంపుగా కూర్చుంటాయి. ఆ దశలో ఆకు తుంచి సబ్బు నీళ్లలో వేస్తే ఓ గుంపు మొత్తం పోతుంది. గుడ్లు నల్లబడి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. వాటి లోపల సమురాయ్ కందిరీగ పిల్లలుండొచ్చు. ట్రిసోల్కస్ జపోనికస్ అనే ఈ ఆసియా కందిరీగ ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు, మనుషుల్ని కుట్టదు. కంపునల్లి గుడ్డులో తన గుడ్డు పెడుతుంది, లోపలి పిల్ల దాన్ని తిని పెరుగుతుంది. అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని విదేశం నుంచి తెచ్చి, విడుదల చేయొచ్చా లేదా అని ఏళ్ల తరబడి క్వారంటైన్ గదుల్లో పరీక్షిస్తుండగానే, 2014లో మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్లేలో అదే జాతి ఆరుబయట కనిపించింది. దానంతటది వచ్చేసింది. అప్పటి నుంచి అనేక రాష్ట్రాలకు పాకింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించే భాగం ఇదే.

తెలుగు నేల మీద దీని దగ్గరి, దూరపు బంధువులకు వేరే కథ ఉంది. వరి కంకి పాలు పోసుకునే దశలో మన వరి కంపునల్లి రసం పీలిస్తే గింజ తాలుపోతుంది. గట్టు మీద నడుస్తుంటేనే వాసన తగులుతుంది. టమాటా, చిక్కుడు మీద ఆకుపచ్చ నల్లి ఉంటుంది. వేప, చింత మానుల మీద బెరడులో కలిసిపోయే మట్టిరంగు నల్లి ఉంటుంది, ఫొటోలు చూసినవాళ్లు దాన్నే అమెరికా పురుగనుకుంటారు. వణికించే చలి లేదు కాబట్టి మన దగ్గర ఇవి నిద్రకోసం ఇళ్లలోకి రావు. దీపం చూసి రాత్రిపూట వస్తాయి. అందుకే ఇక్కడ మందు సులువు. కిటికీకి దోమల మెష్, పొద్దుగూకాక గంటో రెండు గంటలో వరండా లైటు ఆర్పడం.

మన చిక్కుడు పాదు కాడల మీద పొదిగినట్టు పట్టుకునే గుండ్రటి ఆకుపచ్చ-గోధుమ నల్లిని చూసే ఉంటారు. మెగాకాప్టా క్రిబ్రేరియా. అదే జాతి 2009 అక్టోబరులో జార్జియాలో, అట్లాంటా చుట్టుపక్కల కౌంటీల్లో బయటపడింది. అక్కడికి చేరిన గుంపు మూలం జపాన్ అని జన్యు పరీక్షలు చెప్పాయి. అక్కడ కుడ్జు తీగల మీద, సోయాబీన్ మీద పెరిగి, చలి రాగానే ఇళ్ల గోడలకు వేలల్లో పట్టుకుంది. మన పెరటి చిక్కుడు మీద ఎవరూ పట్టించుకోని పురుగే, చలి ఉన్నచోట గోడలెక్కుతుంది.

డిసెంబరులో పిల్లల సెలవులకు ఇండియా బయల్దేరే కుటుంబాలకు చివరిగా ఒక పని. ఏడాదంతా గ్యారేజీలోనో అటిక్‌లోనో ఉన్న సూట్‌కేసులు కంపునల్లికి సరిగ్గా నచ్చే చోటు. చక్రాల గుంటలు, జిప్పు వెంట మడత, లోపలి అస్తరు, బయటి అరలు. సర్దడానికి ముందు సూట్‌కేసును ఆరుబయటికి తెచ్చి, అన్ని జిప్పులూ తెరిచి, బోర్లించి గట్టిగా దులపండి. రాలినవాటిని సబ్బు నీళ్లలో వేసి, ఆ తర్వాతే బట్టలు పెట్టండి.